కంబాట్ ఫ్లైట్ సిమ్‌లో ట్రిమ్: ఎప్పుడు ఆటోకి వదిలెయ్యాలి, ఎప్పుడు మన చేత్తో తిప్పాలి

కొత్తగా సిమ్ (యుద్ధవిమానం నడిపే కంప్యూటర్ గేమ్) మొదలుపెట్టినవాళ్ళు ట్రిమ్ గురించి, అంటే స్టిక్ పట్టుకునే ఉండక్కర్లేకుండా విమానాన్ని బ్యాలెన్స్ చేసే సర్దుబాటు గురించి, అడిగేది ఎప్పుడూ ఒకటే, ఆటో పెట్టుకోవాలా మాన్యువల్ పెట్టుకోవాలా అని. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఏంటంటే ఆటో అనే మాట కింద రెండు వేరే వేరే విషయాలు ఉన్నాయి. ఒకటి విమానంలోనే పుట్టుకతో ఉన్న ఆటో, అంటే ఎఫ్-16 లోనో హార్నెట్ లోనో ఫ్లైట్ కంట్రోల్ కంప్యూటర్ చేసే పని, అది నిజం విమానంలో కూడా అలాగే ఉంటుంది. రెండోది గేమ్ మనకి చేతికర్రలాగా ఇచ్చే ఆటో, అంటే డీసీఎస్ అనే సిమ్ లో ఆటో రడ్డర్ (ముక్కుని ఎడమకీ కుడికీ తిప్పే తోక పలకని గేమే కదపడం), టేకాఫ్ అసిస్టెన్స్, వార్ థండర్ అనే గేమ్ లో మౌస్‌తో ఆడేటప్పుడు వెనక నుంచి కంట్రోల్స్ నడిపే ఇన్‌స్ట్రక్టర్, ఇలాంటివి. మొదటిదాన్ని నేర్చుకుని నమ్మాలి, రెండోదాన్ని మెల్లగా వదిలించుకోవాలి. ఈ గైడ్ మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది.

ఎక్కువగా డీసీఎస్ వరల్డ్ మీద చెప్తాను, ఎందుకంటే టీఎఫ్-51డీ (పీ-51 ముస్టాంగ్ అనే ప్రాపెల్లర్ ఫైటర్‌లో ట్రైనింగ్ రకం) అందులో ఫ్రీగా వస్తుంది, కాకసస్ మ్యాప్ కూడా ఫ్రీ, అంటే రూపాయి ఖర్చు లేకుండా మాన్యువల్ ట్రిమ్ పూర్తిగా నేర్చుకోవచ్చు. ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్ ఆడేవాళ్ళకి కూడా ప్రాపెల్లర్ విమానాల భాగం అంతా పనికొస్తుంది.

ముందు ట్రిమ్ అసలు ఏం చేస్తుందో

విమానం ఒక స్పీడ్‌లో, ఒక పవర్‌లో, ఒక బరువుతో ఎగురుతున్నప్పుడు ముక్కు పైకో కిందికో పోకుండా ఉండాలంటే ఎలివేటర్ (తోక మీద ముక్కుని పైకీ కిందికీ తిప్పే పలక) ఒక ఫలానా కోణంలో ఉండాలి. స్పీడ్ మారితే ఆ కోణం మారుతుంది. ట్రిమ్ లేకపోతే ఆ కోణాన్ని మనం స్టిక్ పట్టుకుని గంటల తరబడి ఆపాలి. కావడి మోసేవాడు ఒకవైపు బరువెక్కితే బద్దని భుజం మీద కాస్త జరుపుకుంటాడు గానీ దారంతా చేత్తో ఎత్తిపట్టుకుని నడవడు కదా, ట్రిమ్ కూడా అంతే, బ్యాలెన్స్ అయ్యే చోటునే జరుపుతుంది.

ఇక్కడ చాలామందికి అర్థం కానిది ఏంటంటే ట్రిమ్ ఎత్తుని పట్టి ఉంచదు, స్పీడ్‌ని పట్టి ఉంచుతుంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే రెక్క గాలిని ఎదుర్కొనే కోణాన్ని, అంటే యాంగిల్ ఆఫ్ అటాక్‌ని పట్టి ఉంచుతుంది, అదే బరువుతో తిన్నగా ఎగురుతున్నంతసేపు అది ఒక స్పీడ్ కిందే లెక్క. మీరు 250 మైళ్ళకి ట్రిమ్ చేసి చెయ్యి వదిలేసి థ్రాటిల్ పెంచారనుకోండి, విమానం 300 కి పోదు, ముక్కు పైకెత్తి అదే 250 దగ్గర్లో క్లైంబ్ మొదలుపెడుతుంది. థ్రాటిల్ తగ్గిస్తే ముక్కు దించి మళ్ళీ అదే 250 వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. ఈ ఒక్కటి బుర్రకెక్కితే సగం ట్రిమ్ వచ్చేసినట్టే, ఎందుకంటే ఇప్పటిదాకా "ట్రిమ్ చేశాను కానీ ఆగట్లేదు" అని విసుక్కున్నవాళ్ళలో ఎక్కువమంది స్పీడ్ ఇంకా పెరుగుతుండగానో తగ్గుతుండగానో ట్రిమ్ చేస్తూ ఉంటారు, అలా చేస్తే అది ఎప్పటికీ ఆగదు.

స్టెప్ 1: జాయ్‌స్టిక్ నిజాయితీగా ఉందో లేదో చూసుకోండి

ట్రిమ్ జోలికి వెళ్ళేముందు కంట్రోల్స్ మెనూలో యాక్సిస్ ట్యూన్ (స్టిక్ లాంటివాటి ఒక్కో దిశ కదలికని, అంటే యాక్సిస్‌ని, సరిచేసే పేజీ) ఓపెన్ చేసి స్టిక్ మీద నుంచి చెయ్యి పూర్తిగా తీసేయండి. గుర్తు సరిగ్గా మధ్యలో ఉందా, వణుకుతోందా, ఒక పక్కకి జరిగి ఉందా చూడండి. పాత పొటెన్షియోమీటర్ స్టిక్స్ లో సెంటర్ కొంచెం తప్పిపోవడం మామూలే, అప్పుడు విమానం ఎడమకి వాలుతుంటే మీరు ట్రిమ్ తప్పనుకుని దానితో కుస్తీ పడతారు, అసలు జబ్బు స్టిక్‌లో ఉంటుంది. విండోస్ లో క్యాలిబ్రేట్ చేసి, అప్పటికీ వణుకుంటే డెడ్‌జోన్ 1 లేదా 2 పెట్టండి, అంతకంటే ఎక్కువ వద్దు. డెడ్‌జోన్ 5, 10 పెట్టారంటే సెంటర్ దగ్గర సన్నని కదలికలన్నీ పోతాయి, గురిపెట్టడానికి కావాల్సినవి అవే కాబట్టి అసలుకే ఎసరు వస్తుంది.

అలాగే ఒకే యాక్సిస్ రెండు డివైస్‌లకి బైండ్ అయిందేమో చూడండి. డీసీఎస్ కొత్త డివైస్ పెట్టగానే తనే యాక్సిస్‌లు అంటించేస్తుంది, థ్రాటిల్ మీద ఉన్న ఏదో నాబ్ పిచ్‌కి అంటుకుని ఉంటే ఎంత ట్రిమ్ చేసినా మొదటికే మోసం.

స్టెప్ 2: బైండింగ్స్

పిచ్ (ముక్కు పైకీ కిందికీ) ట్రిమ్, రోల్ (రెక్కలు పక్కకి వాలడం) ట్రిమ్ రెండూ స్టిక్ మీద బొటనవేలితో నొక్కే నాలుగు వైపుల హ్యాట్‌కి పెట్టుకోండి, జెట్స్ లో నిజంగా కూడా అక్కడే ఉంటుంది. రడ్డర్ ట్రిమ్ ఎడమ, కుడి రెండు బటన్లు థ్రాటిల్ మీద, బొటనవేలికి అందేచోట. కీబోర్డ్‌కి వదిలేస్తే మీరు ఎప్పటికీ ట్రిమ్ చేయరు, అది ఖాయం, ఎందుకంటే వెనకాల శత్రువు ఉన్నప్పుడు ఎవడూ కీబోర్డ్ మీద కంట్రోల్ కీ వెతుక్కోడు.

కొన్ని మాడ్యూల్స్‌లో ట్రిమ్‌ని రోటరీకి, అంటే యాక్సిస్‌కి కూడా పెట్టుకోవచ్చు. ప్రాపెల్లర్ విమానాల్లో ట్రిమ్ చక్రం తిప్పిన ఫీల్ వస్తుంది కాబట్టి అది బాగుంటుంది, కానీ ఒక చిక్కుంది, గేమ్ మిమ్మల్ని విమానంలో దింపినప్పుడు (స్పాన్ అయినప్పుడు) ట్రిమ్ ఒకచోట ఉంటుంది, మీ రోటరీ ఇంకోచోట ఉంటుంది, గాల్లో మొదటిసారి ముట్టుకోగానే ట్రిమ్ ఒక్కసారిగా రోటరీ ఉన్నచోటికి గెంతుతుంది, ముక్కు నేలకేసి పోతుంది. కాబట్టి యాక్సిస్ పెట్టుకున్నవాళ్ళు విమానం నేల మీద ఉన్నప్పుడే రోటరీని అటూ ఇటూ తిప్పి సెంటర్‌లో పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. నా ఓటు మాత్రం పిచ్‌కి బటన్లే.

ఇంకొకటి, మన దగ్గర ఉండేవన్నీ స్ప్రింగ్ స్టిక్స్. నిజం విమానంలో ట్రిమ్ చేస్తే స్టిక్ ఎక్కడుందో అక్కడే దాని బరువు పోతుంది, పైలట్ చెయ్యి కదపక్కర్లేదు. స్ప్రింగ్ స్టిక్ మాత్రం ఎప్పుడూ మధ్యకే లాగుతుంది కాబట్టి మనం ట్రిమ్ వేస్తూ వేస్తూ స్టిక్‌ని మెల్లగా మధ్యకి వదలాలి. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ స్టిక్ ఉన్నవాళ్ళకి ఈ గొడవ లేదు, స్టిక్ సెంటరే జరుగుతుంది, పాత మైక్రోసాఫ్ట్ సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ 2 కి ఇంకా మనుషులు వెతుకుతుండటానికి ఒక కారణం ఇదే.

స్టెప్ 3: టీఎఫ్-51డీ, బటూమీ రన్‌వే మీద

మిషన్ ఎడిటర్‌లో కాకసస్ మ్యాప్‌లో ఉన్న బటూమీలో రన్‌వే మీద స్టార్ట్ పెట్టుకోండి, గాలి సున్నా. దానికంటే ముందు ఆప్షన్స్ లో స్పెషల్ ట్యాబ్‌కి వెళ్ళి ఈ విమానం పేరు కింద ఆటో రడ్డర్ తీసేయండి, టేకాఫ్ అసిస్టెన్స్ ఎంతుందో చూడండి. 100 లో ఉంటే ఒక్కసారి సున్నా చేయొద్దు, 50 పెట్టి నాలుగు టేకాఫ్‌లు బాగా వచ్చాక ఇంకా తగ్గించండి. ఆటో రడ్డర్‌ని మాత్రం మొదటిరోజే తీసేయమంటాను, ఎందుకంటే అది మీ తరఫున రడ్డర్ తొక్కుతూ ఉంటే మీరు వేసిన రడ్డర్ ట్రిమ్ సరిపోయిందో లేదో మీకు ఏ జన్మకీ తెలియదు, బాల్ (విమానం పక్కకి జారుతోందో లేదో చూపించే మీటర్‌లోని గుండు) మధ్యలో ఉంది అంటే అది మీ పనా దాని పనా చెప్పలేం.

కాక్‌పిట్‌లో ఎడమ చేతివైపు కిందికి చూస్తే మూడు ట్రిమ్‌లు కనిపిస్తాయి, నిలువుగా ఉండే చక్రం ఎలివేటర్‌ది, మిగతా రెండు నాబ్స్ రడ్డర్, ఎయిలరాన్ (విమానాన్ని పక్కకి వాల్చే రెక్క పలకలు). రడ్డర్‌ని కుడికి 6 డిగ్రీలు పెట్టండి, ఎయిలరాన్ సున్నా, ఎలివేటర్ సున్నా. కుడికి ఎందుకంటే మెర్లిన్ ఇంజన్ ప్రాపెల్లర్ మన సీటు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగేవైపు తిరుగుతుంది, ఫుల్ పవర్‌లో ముక్కు ఎడమకి లాగేస్తుంది. స్పిట్‌ఫైర్ మార్క్ 9 కూడా ఇంతే. ఐఎల్-2 లో స్పిట్‌ఫైర్ మార్క్ 14 ఎక్కితే మాత్రం జాగ్రత్త, దానిది గ్రిఫన్ ఇంజన్, ఉల్టా తిరుగుతుంది, కుడి ట్రిమ్ వేసి థ్రాటిల్ తోస్తే రన్‌వే పక్కన గడ్డిలో తేలతారు.

కొనుక్కున్న పీ-51డీ అయితే ఎలివేటర్ దగ్గర ఇంకో లెక్క ఉంది. దానికి పైలట్ వెనకాల 85 గ్యాలన్ల ట్యాంక్ ఉంటుంది, అది నిండుగా ఉంటే బరువు వెనక్కి పోతుంది, అప్పుడు ఎలివేటర్‌ని 2 నుంచి 4 డిగ్రీలు ముక్కు బరువు వైపు (ముక్కు కిందికి దించేవైపు) పెట్టాలి. రెక్కల ట్యాంకులు రెండూ కలిపి 184 గ్యాలన్లు, మొత్తం 269 కాబట్టి ఫ్యూయల్ స్లైడర్ 68 శాతం దగ్గర పెడితే వెనక ట్యాంక్ ఖాళీగా ఉంటుంది, విమానం చెప్పిన మాట వింటుంది. డాగ్‌ఫైట్ సర్వర్లలో 100 శాతం నింపుకుని వెళ్ళి టర్న్ లో స్పిన్ అయిపోయి విమానాన్ని తిట్టేవాళ్ళు ఈ ఒక్క స్లైడర్ చూసుకుంటే చాలు.

థ్రాటిల్ మెల్లగా, 61 ఇంచులు (ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడి కొలత), 3000 ఆర్‌పీఎమ్ దాకా. 6 డిగ్రీల ట్రిమ్ ఉన్నా కుడి కాలు పని కుడి కాలికి ఉంటుంది, ట్రిమ్ వల్ల ఆ పని తగ్గుతుంది అంతే.

స్టెప్ 4: అసలు పని, లెవల్‌లో ట్రిమ్ చేయడం

గేర్ లేపి, 46 ఇంచులు 2700 కి తగ్గించి, సుమారు 170 మైళ్ళ దగ్గర క్లైంబ్ చేస్తూ 5000 అడుగులకి వెళ్ళండి. సముద్రం వైపు తిరగండి, అక్కడ దిగ్వలయం గీత గీసినట్టు కనిపిస్తుంది, ట్రిమ్ నేర్చుకోవడానికి అంతకంటే మంచి పరికరం లేదు. ఇప్పుడు ఈ వరసలోనే చేయండి, వరస మారిస్తే కుదరదు.

ముందు స్టిక్‌తో ముక్కుని లెవల్‌లో పట్టుకోండి. ట్రిమ్ ముట్టుకోవద్దు. పవర్‌ని 36 ఇంచులు, 2400 దగ్గర పెట్టి వదిలేయండి. స్పీడ్ పెరుగుతూ ఉంటుంది, పెరగనివ్వండి, మీరు స్టిక్‌ని కొంచెం కొంచెం ముందుకి తోస్తూ ముక్కు లేవకుండా ఆపుతూ ఉంటారు. స్పీడ్ ముల్లు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. అది ఆగేదాకా ఓపిక పట్టండి, అందరూ తొందరపడేది ఇక్కడే.

ముల్లు ఆగాక చేతిలో ఎంత బరువుందో గమనించండి. ముందుకి తోస్తున్నారు కదా, అంటే ముక్కు బరువు వైపు ట్రిమ్ కావాలి. హ్యాట్‌ని ముందుకి ఒక్కో టక్కు, ఒక్కో టక్కు కొడుతూ ప్రతి టక్కుకీ స్టిక్‌ని వెంట్రుకవాసి వెనక్కి వదలండి, చూపు మాత్రం హారిజాన్ మీదే, ముక్కు దానికి ఎంత దూరంలో ఉందో ఆ దూరం మారకూడదు. స్టిక్ పూర్తిగా సెంటర్‌కి వచ్చేసరికి పిచ్ అయిపోతుంది. వెర్టికల్ స్పీడ్ ముల్లు చూస్తూ ట్రిమ్ చేయొద్దు, అది ఆలస్యంగా చెప్తుంది, మీరు దాని వెంటపడితే అది మీ వెంటపడుతుంది, విమానం అలల మీద పడవలాగా లేచి పడుతుంటుంది. దాన్ని చివర్లో సరిచూసుకోవడానికి వాడండి.

తర్వాత రడ్డర్. బాల్ చూడండి, ఎటు వైపు ఉంటే ఆ వైపు రడ్డర్ ట్రిమ్. క్లైంబ్‌లో వేసిన కుడి ట్రిమ్ ఇప్పుడు ఎక్కువైపోయి ఉంటుంది, బాల్ ఎడమకి పోయి ఉంటుంది, ఎడమకి తిప్పుతూ మధ్యకి తెండి.

ఎయిలరాన్ ఎప్పుడూ ఆఖరు. దీనికి కారణం ఉంది. రడ్డర్ తప్పుగా ఉండగా రెక్క వాలుతోందని ఎయిలరాన్ ట్రిమ్ వేశారనుకోండి, విమానం నిటారుగానే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ పక్కకి జారుతూ ఎగురుతుంటుంది, స్పీడ్ కొంత పోతుంది, తూటాలు గురి తప్పుతాయి, మీకేమో అంతా బాగున్నట్టే ఉంటుంది. బాల్ మధ్యకి వచ్చాక కూడా రెక్క వాలుతుంటే అప్పుడు ఎయిలరాన్ నాబ్. ముస్టాంగ్‌లో అది ఎక్కువగా ఫ్యూయల్ వల్లే వస్తుంది, ఒక రెక్క ట్యాంక్ నుంచే తాగుతూ పోతే రెండో రెక్క బరువెక్కుతుంది, ట్యాంక్ మార్చుకుంటూ ఉంటే సగం ఎయిలరాన్ ట్రిమ్ అవసరమే ఉండదు.

ఇప్పుడు చెయ్యి తీసేయండి. అరనిమిషం పాటు హెడింగ్, ఎత్తు ఎంత కదిలాయో చూడండి. మళ్ళీ పిచ్, రడ్డర్, ఎయిలరాన్ ఒక రౌండ్. రైట్ కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే కంట్రోల్స్ బాక్స్ తెర మీదకి వస్తుంది, మీ స్టిక్ నిజంగా మధ్యలో ఉందో లేక తెలీకుండా పట్టుకునే ఉన్నారో అందులో దొరికిపోతుంది.

దీని తర్వాత పవర్ మార్చి మళ్ళీ ఇదే పని చేయండి, 46 ఇంచులకి పెంచండి, ముక్కు లేచి ఎడమకి వెళ్తుంది, ముందు స్టిక్‌తో కాలితో ఆపండి, స్పీడ్ ఆగనివ్వండి, తర్వాత ట్రిమ్. రోజూ ఫ్లైట్ మొదట్లో కాసేపు ఇదొక్కటే చేస్తే చెయ్యి తిరుగుతుంది, కొన్నాళ్ళకి మీరు థ్రాటిల్ కదపగానే బొటనవేలు తనంతట తనే హ్యాట్ మీదకి పోతుంది.

స్టెప్ 5: కొట్లాటలో ట్రిమ్

అందరూ ట్రిమ్ అంటే చేతులు నొప్పెట్టకుండా చేసే సౌకర్యం అనుకుంటారు. నేను మాత్రం ట్రిమ్‌ని ఆయుధంలో భాగం కింద చూస్తాను, ఎందుకో చెప్తా. బాల్ కుడికి పోయి ఉందంటే ముక్కు ఎడమకి చూస్తోంది, విమానం మాత్రం కాస్త కుడికి జారుతూ పోతోంది అని అర్థం. తూటా బయటికి వచ్చేటప్పుడు విమానం జారుడుని కూడా తీసుకుని పోతుంది కాబట్టి గురి గుర్తుకి కుడిపక్క పడుతుంది. అంటే బాల్ ఎటుంటే తూటాలు అటు. మీరు డైవ్ చేసి వెనక నుంచి బాగా గురిపెట్టి కొట్టినా తగలకపోవడానికి పెద్ద కారణం ఇదే, క్లైంబ్ కోసం వేసిన కుడి రడ్డర్ ట్రిమ్ అలాగే ఉంచి 400 మైళ్ళ డైవ్‌లోకి వెళ్తారు, ఆ స్పీడ్‌లో ఆ ట్రిమ్ ముక్కుని కుడికి తన్నేస్తుంది, బాల్ ఎడమకి, తూటాలు ఎడమకి.

కాబట్టి నా పద్ధతి ఇది. శత్రువు చుక్కలా కనిపించగానే, ఇంకా దూరంగా ఉండగానే, ఫైట్‌లో వాడబోయే పవర్‌కి థ్రాటిల్ తెచ్చుకుని ఆ స్పీడ్‌కి మూడూ ట్రిమ్ చేసేసుకుంటా. ఫైట్ మొదలయ్యాక ఎలివేటర్, ఎయిలరాన్ ముట్టుకోను. రడ్డర్ కాలితోనే చూసుకుంటా, పొడుగాటి డైవ్ అయితే రడ్డర్ ట్రిమ్‌ని రెండు మూడు టక్కులు ఎడమకి వేస్తా. టర్న్ లో లాగడం తేలికవుతుందని ముక్కు పైకి ట్రిమ్ వేసుకునేవాళ్ళు ఉన్నారు, నాకు అది నచ్చదు, టర్న్ తేలికవుతుంది నిజమే గానీ స్టాల్ (రెక్కలకి గాలి పట్టు తప్పడం) అంచు ఎక్కడుందో చేతికి తెలీకుండా పోతుంది, పైగా టర్న్ అయిపోయి గురిపెట్టేటప్పుడు ముక్కు పైకి పైకి తేలుతుంది.

డైవ్ లోంచి బయటికి తీయడానికి ట్రిమ్ వాడటం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ముస్టాంగ్ స్పీడ్ మీటర్ మీద ఎర్రగీత 505 మైళ్ళ దగ్గర ఉంటుంది, చాలా ఎత్తు నుంచి డైవ్ చేస్తే అంతకంటే ముందే ఎలివేటర్ బిగుసుకుపోయి స్టిక్ ఎంత లాగినా ముక్కు లేవదు. అప్పుడు భయపడి ముక్కు పైకి ట్రిమ్ బాగా తిప్పేస్తే, కిందికి దిగి గాలి చిక్కబడి ఎలివేటర్‌కి మళ్ళీ పట్టు దొరికిన క్షణంలో ఆ ట్రిమ్ అంతా ఒకేసారి పనిచేస్తుంది, పైలట్‌కి కళ్ళు చీకట్లు కమ్ముతాయి లేదా రెక్క ఊడుతుంది. థ్రాటిల్ తగ్గించండి, స్టిక్ లాగి పట్టుకుని ఓపిక పట్టండి, ట్రిమ్ వేసినా ఒకటి రెండు టక్కులకి మించొద్దు.

జర్మన్ విమానాలు వేరే జాతి. బీఎఫ్ 109 లో కాక్‌పిట్ నుంచి రడ్డర్ ట్రిమ్ లేదు, ఎయిలరాన్ ట్రిమ్ లేదు, రెండింటి ట్యాబ్‌లూ నేల మీద మెకానిక్ వంచి సరిచేసేవే. మన చేతిలో ఉండేది తోక రెక్కని మొత్తంగా కదిపే చక్రం ఒక్కటే, సీటుకి ఎడమవైపు ఫ్లాప్స్ చక్రం పక్కనే ఉంటుంది. తోక మొత్తం కదులుతుంది కాబట్టి దానికి బలం ఎక్కువ, హై స్పీడ్‌లో 109 స్టిక్ రాయిలాగా అయిపోయినప్పుడు నిజంగా అక్కరకొచ్చేది అదే, అయితే పైన చెప్పిన ప్రమాదం కూడా దీనితోనే ఎక్కువ. ఎఫ్‌డబ్ల్యూ 190 లో అదే పని కరెంట్ మోటార్ చేస్తుంది, బటన్ నొక్కి పట్టుకోవాలి. ఈ రెండింట్లో బాల్‌ని మధ్యలో ఉంచడం పూర్తిగా కాలి పని, అందుకే పెడల్స్ లేనివాళ్ళకి ముస్టాంగ్ కంటే 109 కష్టమనిపిస్తుంది.

స్టెప్ 6: ఎఫ్-16, ట్రిమ్ మర్చిపోవచ్చు గానీ పూర్తిగా కాదు

ఎఫ్-16 లో స్టిక్ ఎలివేటర్‌ని కదపదు. స్టిక్ కంప్యూటర్‌కి ఎన్ని జీలు (మామూలు బరువుకి ఎన్ని రెట్లు) కావాలో చెప్తుంది. చెయ్యి వదిలేస్తే 1 జీ అడిగినట్టు. స్పీడ్ 250 నాట్లైనా 500 నాట్లైనా ఆ 1 జీకి తోక ఎంత వంచాలో కంప్యూటరే చూసుకుంటుంది కాబట్టి పిచ్ ట్రిమ్ పని దాదాపు లేదు. ఇది విమానం సొంత ఆటో, దీన్ని ఆపే ప్రయత్నం చేయొద్దు, పిచ్ ట్రిమ్ హ్యాట్ మీద వేలు పెట్టొద్దు. పొరపాటున వేలు తగిలి ముక్కు తేలుతుంటే ఎడమ కన్సోల్ మీద మాన్యువల్ ట్రిమ్ ప్యానెల్ ఉంది, అందులో పిచ్, రోల్ చక్రాలు ఎంత జరిగాయో చూసి వెనక్కి తెండి.

అయితే రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, అది పట్టి ఉంచేది 1 జీని, ముక్కు కోణాన్ని కాదు. ముక్కుని 30 డిగ్రీలు పైకి పెట్టి వదిలేస్తే ఆ దారిలో తిన్నగా పోవడానికి కావాల్సింది 0.87 జీ మాత్రమే, కంప్యూటర్ 1 ఇస్తోంది, మిగిలిన కొసరు ముక్కుని మెల్లగా ఇంకా పైకి తీస్తుంది. బ్యాంక్‌లో వదిలేస్తే ముక్కు దిగుతుంది. ఇది ట్రిమ్ తప్పు కాదు, ట్రిమ్‌తో సరిచేయబోతే లెవల్‌కి వచ్చాక ఇంకోవైపు పోతుంది. రెండోది ఇంకా ముఖ్యం. ముస్టాంగ్‌లో స్పీడ్ తగ్గితే ముక్కు దిగి చేతికి కబురు చెప్తుంది. ఎఫ్-16 లో స్పీడ్ కరిగిపోతున్నా ముక్కు అక్కడే నిలబడి ఉంటుంది, చేతికి ఏమీ తెలీదు. మాన్యువల్ ట్రిమ్ విమానాల నుంచి వచ్చినవాళ్ళు టర్న్ ఫైట్‌లో 200 నాట్లకి పడిపోయేది ఇందుకే, కాబట్టి ఈ విమానంలో స్పీడ్‌ని కళ్ళతోనే చూసుకోవాలి, చెయ్యి చెప్పదు.

రోల్ ట్రిమ్ మాత్రం కావాలి. ఒక రెక్క కింద బాంబు వదిలేసి రెండో రెక్క కింద ఉంచుకుంటే బరువున్న వైపు మెల్లగా వాలుతుంది, హ్యాట్‌ని పక్కకి కొన్ని టక్కులు కొడితే సరి. రెండో బాంబు కూడా వదిలాక ఆ ట్రిమ్‌ని మళ్ళీ తీసేయడం మర్చిపోవద్దు.

గేర్ దించగానే కంప్యూటర్ తీరు మారుతుంది, 10 డిగ్రీల యాంగిల్ ఆఫ్ అటాక్ దాటితే స్టిక్‌ని కాస్త వెనక్కి పట్టుకోవాల్సి వస్తుంది. ల్యాండింగ్ 11 నుంచి 13 మధ్య చేస్తాం కాబట్టి ఆ కొద్ది లాగుడు ఉంటుంది, ట్రిమ్‌తో తీసేసుకోవచ్చు, నేనైతే తీసేయను, ఆ బరువే నేను ఎంత నెమ్మదిగా ఉన్నానో చెప్తుంది.

స్టెప్ 7: హార్నెట్, ఒకే విమానంలో రెండూ

ఎఫ్/ఏ-18సీ లో ఆటో, మాన్యువల్ రెండూ ఉన్నాయి, మధ్యలో గీత ఫ్లాప్ (నెమ్మదిగా ఎగరడానికి రెక్క వెనక కిందికి దించే పలక) స్విచ్. ఫ్లాప్స్ ఆటోలో ఉంటే ఎఫ్-16 లాగే 1 జీ చూసుకుంటుంది. హాఫ్ గానీ ఫుల్ గానీ పెట్టగానే పిచ్ ట్రిమ్ అర్థం మారిపోయి యాంగిల్ ఆఫ్ అటాక్ కోసం పనిచేస్తుంది, మీరు ట్రిమ్‌తో ఏ కోణం అడిగితే ఆ కోణాన్ని పట్టుకుని కూర్చుంటుంది. క్యారియర్ ల్యాండింగ్ మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది, అందుకే కొంచెం వివరంగా చెప్తున్నా.

డౌన్‌విండ్‌లో (ల్యాండింగ్‌కి తిరిగేముందు షిప్ పక్కగా ఎదురు దిశలో వెళ్ళే దారిలో) 600 అడుగులు, గేర్ కిందికి, ఫ్లాప్స్ ఫుల్. స్పీడ్ పడిపోతుంటే ముక్కు దిగబోతుంది, స్టిక్‌తో ఆపుతూనే హ్యాట్‌ని వెనక్కి కొడుతూ ఉండండి, ఇక్కడ ఒకటి రెండు టక్కులు సరిపోవు, చాలా కొట్టాలి. హడ్‌లో (కళ్ళ ముందున్న గాజు డిస్‌ప్లేలో) ఎడమపక్క ఇంగ్లీష్ E అక్షరం లాంటి బ్రాకెట్ వస్తుంది, వెలాసిటీ వెక్టర్ (విమానం నిజంగా ఎటు పోతోందో చూపించే గుర్తు) దాని మధ్యగీత దగ్గరకి రావాలి, అప్పుడు కోణం 8.1 డిగ్రీలు, పక్కన ఇండెక్సర్‌లో (ఆ కోణం సరిగా ఉందో లేదో చెప్పే లైట్లలో) గుండ్రటి లైట్ ఒక్కటే వెలుగుతుంది. బ్రాకెట్ పైకి పోయి ఉంటే మీరు ఇంకా ఫాస్ట్, వెనక్కి ట్రిమ్. ఇప్పుడు స్టిక్ వదిలి చూడండి, థ్రాటిల్ కొంచెం పెంచితే విమానం అదే కోణంలో పైకి తేలుతుంది, తగ్గిస్తే అదే కోణంలో దిగుతుంది. ఇక్కడి నుంచి ఎత్తు థ్రాటిల్ పని, స్టిక్ రెక్కల్ని తిప్పడానికి. పిచ్‌లో స్టిక్ లాగుతూ డెక్ మీదకి రావాలని చూసేవాళ్ళకి విమానాన్ని ఆపే వైర్ దొరకదు, దొరికినా అదృష్టమే.

టేకాఫ్‌కి ఎడమ కన్సోల్ మీద రడ్డర్ ట్రిమ్ నాబ్ మధ్యలో టేకాఫ్ ట్రిమ్ బటన్ ఉంది, ట్రిమ్ అనే మాట ఎడమ డిస్‌ప్లే మీద వచ్చేదాకా నొక్కి పట్టుకోండి. క్యారియర్ మీద నుంచి విసిరే క్యాటపుల్ట్ అయితే దాని తర్వాత బరువుని బట్టి స్టాబిలేటర్‌ని (తోక అడ్డరెక్కని) చేత్తో 16 నుంచి 19 డిగ్రీల మధ్య పెట్టుకోవాలి, బరువు ఎక్కువైతే ఎక్కువ. దూకేటప్పుడు స్టిక్ ముట్టుకోవద్దు, కుడి చెయ్యి పైన హ్యాండిల్ మీదే, విమానం తనే లేస్తుంది.

మిగతావి, త్వరత్వరగా

జెట్ అనగానే ఆటో అనుకోవద్దు. సుఖోయ్ 27 డీసీఎస్ లో ఫ్లై బై వైర్ (కంట్రోల్స్ కంప్యూటర్ ద్వారా నడిచే) విమానమే, అయినా స్పీడ్ మారినప్పుడల్లా ట్రిమ్ అడుగుతుంది. మిగ్-29, మిగ్-21, ఎఫ్-5 అన్నీ చేత్తోనే. ఎఫ్-14 అయితే స్పీడ్‌కి తోడు ఫ్లాప్స్ వేసినా తీసినా ముక్కు కదులుతుంది, ల్యాండింగ్‌కి యాంగిల్ ఆఫ్ అటాక్ మీటర్ మీద 15 యూనిట్ల దగ్గర ఓపిగ్గా ట్రిమ్ చేసుకోవాలి, స్టెప్ 4 బాగా వస్తే ఇది కూడా వచ్చేస్తుంది.

ఆటోపైలట్‌ని ట్రిమ్‌కి బదులు వాడొద్దు. మ్యాప్ చూసుకోవడానికి, రాడార్‌లో పని చేసుకోవడానికి ఆటోపైలట్ వేసుకోండి తప్పులేదు, కానీ వేసేముందే విమానాన్ని ట్రిమ్ చేసి ఉంచండి, తీసినప్పుడు కుదుపు రాకుండా ఉంటుంది.

వార్ థండర్ మౌస్ నుంచి వచ్చేవాళ్ళకి ఒక మాట. అక్కడ ఇన్‌స్ట్రక్టర్ మీరు చూపించిన చోటికి ముక్కుని తిప్పుతూ క్షణక్షణం కంట్రోల్స్ అన్నీ తనే కదుపుతుంటుంది, అందుకే ఏ విమానం ఎక్కినా చేతికి ఒకేలా ఉంటుంది. సిమ్యులేటర్ బ్యాటిల్స్ లో అది ఉండదు, అదే విమానం ఇది కాదేమో అనిపిస్తుంది. నేరుగా అందులోకి దూకకుండా టెస్ట్ ఫ్లైట్‌లో ఫుల్ రియల్ కంట్రోల్స్ పెట్టుకుని పైన చెప్పిన లెవల్ ట్రిమ్ కుదిరేదాకా చేయండి.

హెలికాప్టర్లలో ట్రిమ్ అంటే వేరే పని, హ్యూయీ, ఎంఐ-8, కేఏ-50 లో ట్రిమ్ బటన్ నొక్కి వదిలితే స్టిక్ అప్పుడున్న చోటే కొత్త సెంటర్ అవుతుంది. స్ప్రింగ్ స్టిక్ ఉన్నవాళ్ళు బటన్ వదిలాక స్టిక్‌ని మధ్యకి తెచ్చేలోపే ఆ కదలిక కూడా కలిసిపోయి హెలికాప్టర్ ఎగిరిపడుతుంది. స్పెషల్ ఆప్షన్స్ లో ట్రిమ్మర్ కింద సెంట్రల్ పొజిషన్ మోడ్ ఉంటుంది, అది పెట్టుకుంటే మీరు స్టిక్‌ని, పెడల్స్‌ని మధ్యకి తెచ్చేదాకా సిమ్ వాటిని పట్టించుకోదు. పెడల్స్ స్ప్రింగ్ లేనివైతే అవి మధ్యకి రావు కాబట్టి కంట్రోల్ తిరిగి దొరకదు, వాళ్ళు పెడల్స్‌కి ట్రిమ్ వర్తించకుండా ఉండే ఆప్షన్ వేసుకోవాలి.